ఐపీ దాఖలుకు ముందు, తర్వాత: అప్పు తీర్చలేని వ్యక్తికి న్యాయసహాయ మార్గదర్శి

ఇన్సాల్వెన్సీ పిటిషన్‌నే మన జిల్లా కోర్టుల ఆవరణల్లో ఐపీ అంటారు. అప్పులు తీర్చలేని స్థితికి చేరిన వ్యక్తి తన ఆస్తినంతా కోర్టు చేతికి అప్పగించి, దానిని ఋణదాతలందరికీ దామాషాలో పంచమనీ, మిగిలిన బాకీ నుంచి తనకు విముక్తి కలిగించమనీ కోరే దరఖాస్తు అది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మామూలు మనిషి వేసే ఐపీకి నేటికీ ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016లో వచ్చిన దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం ఉన్నప్పటికీ, దానిని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత పూచీ ఇచ్చినవారికి మాత్రమే అమలులోకి తెచ్చారు. దుకాణదారుడు, రైతు, ఉద్యోగి, చిన్న కాంట్రాక్టరు ఇంకా పాత చట్టం కిందనే ఉన్నారు. కంపెనీ డైరెక్టరుగా బ్యాంకుకు వ్యక్తిగత హామీ రాసిచ్చినవారి దారి వేరు. వారి వ్యవహారం హైదరాబాద్ లేదా అమరావతిలోని జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ ముందుకు వెళుతుంది, కాబట్టి వారు ఆ ట్రైబ్యునల్‌లో వాదించే న్యాయవాదినే సంప్రదించాలి.

ఐపీ గురించి ప్రజల్లో ఉన్న పెద్ద అపోహ, కోర్టులో కాగితం పడిన రోజే అప్పులవాళ్ళ నోరు మూతపడుతుందన్నది. పాత చట్టంలో అలాంటి తక్షణ రక్షణ లేదు. దాఖలు చేయడం మొదటి మెట్టు, కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించడం రెండవది, బాకీల నుంచి విమోచన ఉత్తర్వు ఇవ్వడం మూడవది. అసలైన విముక్తి ఆ మూడవ మెట్టు మీదనే ఉంది. అక్కడికి చేరతారా లేదా అన్నది చాలావరకు పిటిషన్ వేయకముందు మీరు చేసిన పనుల మీదనే ఆధారపడి ఉంటుంది. అందుకే న్యాయవాది దగ్గరకు వెళ్ళవలసింది ఇల్లు, పొలం ఎవరి పేరనైనా మార్చిన తర్వాత కాదు, మార్చాలన్న ఆలోచన వచ్చినప్పుడే.

మొదటి అడుగు: అప్పులను రకాలుగా విడదీయడం

ఒక తెల్లకాగితం మీద ప్రతి అప్పునూ రాయండి. ఎవరికి, ఎప్పుడు, అసలెంత, వడ్డీ ఎంత, ఇంతవరకు ఎంత కట్టారు, దానికి ఆధారం ఏమిటి (ప్రామిసరీ నోటా, చెక్కా, తనఖా దస్తావేజా, నోటిమాటా) అన్నవి ఒక్కొక్క వరుసలో ఉండాలి. చేబదుళ్ళు, బంధువుల దగ్గర తీసుకున్నవి, కిరాణా ఖాతా బాకీలు కూడా వదలవద్దు. తర్వాత ఈ జాబితాను రకాలుగా విడదీస్తే, ఐపీ ఏ అప్పుకు పనికివస్తుందో, దేనికి రాదో కంటికి కనబడుతుంది.

తనఖా ఉన్న అప్పు ఐపీకి దాదాపు బయట ఉంటుంది. చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం, తాకట్టు ఉన్న ఋణదాత ఆ తాకట్టును అమ్ముకుని తన బాకీ రాబట్టుకునే హక్కుకు దివాలా ప్రకటన అడ్డు రాదు. బ్యాంకులో ఇల్లు కుదువపెట్టి ఉంటే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద మొదట 60 రోజుల గడువుతో డిమాండ్ నోటీసు వస్తుంది. దానికి మీరు రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపితే, బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ తర్వాత స్వాధీన చర్య మొదలైతే, 45 రోజుల్లోగా హైదరాబాద్ లేదా విశాఖపట్నంలోని ఋణ వసూలు ట్రైబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. వ్యవసాయ భూమి మీద ఈ సర్ఫేసీ చర్య చెల్లదన్న సంగతి రైతులు గుర్తుంచుకోవాలి.

ఇచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు లేక తిరిగివస్తే అది క్రిమినల్ కేసు కావచ్చు. చెక్కు తిరిగివచ్చినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా ఋణదాత నోటీసు పంపాలి. అది మీకు అందిన 15 రోజుల్లోగా డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా అతను కేసు వేయవచ్చు. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు జైలు గాని, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఐపీ ఈ కేసును ఆపదు. అయితే ఇది ఏ దశలోనైనా రాజీ చేసుకోదగిన నేరమే కాబట్టి, ఐపీ వ్యూహంతో పాటు చెక్కు కేసుల వ్యూహాన్ని కూడా ఒకే న్యాయవాదితో, కనీసం ఒకరి సంగతి మరొకరికి తెలిసే విధంగా, నడిపించుకోవడం మంచిది. ఒక కోర్టులో అప్పే లేదని, మరో కోర్టులో ఆ అప్పు తీర్చలేనని చెప్పిన మనిషిని ఏ న్యాయమూర్తీ నమ్మడు.

రిజిస్ట్రేషన్ లేకుండా చిట్టీలు నడిపి, పది మంది దగ్గర డబ్బు పోగుచేసి ఐపీ వేసేవారి పరిస్థితి ఇంకా క్లిష్టం. వారి మీద మోసం కేసుతో పాటు 1999 నాటి డిపాజిటర్ల పరిరక్షణ చట్టం కింద కూడా చర్య రావచ్చు. అటువంటివారు సివిల్ న్యాయవాది కన్నా ముందు క్రిమినల్ న్యాయవాదిని కలవాలి.

ఇక మిగిలేవి తాకట్టు లేని అప్పులు: నోటు మీద తీసుకున్నవి, వ్యక్తిగత ఋణాలు, క్రెడిట్ కార్డులు, సరుకు బాకీలు. ఐపీ ప్రధానంగా వీటి కోసమే. నోటు విషయంలో ఒక జాగ్రత్త ఉంది. డిమాండ్ ప్రామిసరీ నోటు మీద దావాకు సాధారణంగా మూడేళ్ళ కాలపరిమితి ఉంటుంది. ఆ గడువు తీరేలోగా కొంత సొమ్ము కట్టి, నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి. "వంద రూపాయలకు చెల్లు వేసి పొమ్మని" ఋణదాత అడిగేది ఇందుకే. అడిగిన వెంటనే సంతకం చేయకుండా, ముందు న్యాయవాదికి నోటు ప్రతిని చూపించండి.

చేయకూడని పనులు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక బట్టల వ్యాపారికి 40 లక్షల అప్పు ఉంది, 15 లక్షల విలువైన ఇల్లు ఉంది. ఐపీ వేయడానికి ఆరు నెలల ముందు ఆ ఇంటిని బావమరిదికి గిఫ్టు రాశాడు. మరో నెల రోజులకు పిటిషన్ వేస్తాడనగా, తనకు సన్నిహితుడైన ఒక ఋణదాతకు మాత్రం 3 లక్షలు కట్టేశాడు. ఈ రెండు పనులూ అతనికి ఎదురు తిరుగుతాయి. బదిలీ జరిగిన రెండేళ్ళలోగా దాఖలైన పిటిషన్ మీద దివాలా ప్రకటన వస్తే, మంచి మనస్సుతో విలువ చెల్లించి కొన్నవారికీ, వివాహ ప్రతిఫలంగా రాసినవాటికీ తప్ప, ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. మూడు నెలల లోపు ఒక ఋణదాతకు పక్షపాతంతో చేసిన చెల్లింపుదీ అదే గతి. అంతేకాదు, ఋణదాతలను ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి బదిలీ చేయడం, ఇల్లు వదిలి తప్పించుకు తిరగడం చట్టం దృష్టిలో దివాలా చర్యలు. వాటిని ఆధారం చేసుకుని, 500 రూపాయలకు తగ్గని బాకీ ఉన్న ఋణదాత ఎవరైనా మూడు నెలల్లోగా మీ మీద తానే ఐపీ వేయవచ్చు. పాత చట్టం కాబట్టి ఆ మొత్తం అలాగే ఉండిపోయింది.

సమన్లు తీసుకోకుండా తిప్పి పంపడం మరో పెద్ద పొరపాటు. నోటు మీద దావా పడి సమన్లు అందాక సాధారణంగా 30 రోజుల్లో, కోర్టు అనుమతిస్తే 90 రోజుల లోపు, జవాబు దాఖలు చేయాలి. రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ వాదన వినకుండానే ఋణదాతకు అనుకూలమైన తీర్పు, వస్తుంది. డిక్రీని అమలు చేయించుకోవడానికి ఋణదాతకు పన్నెండేళ్ళ గడువు ఉంటుంది.

ఐపీకి ముందు చూడవలసిన దారులు

నిజాయితీగల న్యాయవాది మొదట ఐపీ గురించి మాట్లాడడు, ఐపీ లేకుండా తేలే అవకాశం ఉందా అని చూస్తాడు. బ్యాంకు అప్పు మొండిబాకీగా మారి ఉంటే ఏకకాల పరిష్కారం, అందరూ ఓటీఎస్ అనేది, అడగవచ్చు. మాట నోటితో కాక ఉత్తరంతో జరగాలి. బ్యాంకు ఒప్పుకున్న మొత్తం, గడువు, కట్టాక బాకీ లేదన్న ధ్రువపత్రం, తాకట్టు కాగితాల వాపసు అన్నీ ఆ ఉత్తరంలో ఉండాలి. పూర్తిగా కట్టకుండా పరిష్కరించుకున్న అప్పు మీ క్రెడిట్ చరిత్రలో అలాగే నమోదవుతుందని కూడా తెలుసుకుని సంతకం చేయండి.

ప్రైవేటు అప్పులకు లోక్ అదాలత్ మంచి వేదిక. దావా పడకముందే కూడా అక్కడికి వెళ్ళవచ్చు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, కోర్టు ఫీజు కట్టి ఉంటే వాపసు వస్తుంది. అప్పీలు లేకపోవడం రెండు వైపులా పదునున్న విషయం కనుక, కట్టలేని వాయిదాలకు మొహమాటంతో ఒప్పుకోవద్దు. తెలంగాణలో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి కోసం 2016 నాటి రాష్ట్ర చట్టం కింద రాష్ట్ర ఋణ విమోచన కమిషన్ కూడా ఉంది. ఆంధ్ర ప్రాంతంలో వ్యవసాయదారుడు తీసుకున్న ప్రైవేటు అప్పు మీద అధిక వడ్డీ వేస్తే, 1938 నాటి వ్యవసాయదారుల ఉపశమన చట్టం కింద వడ్డీ తగ్గించమని దావాలోనే వాదించవచ్చు. ఈ వాదన ఎత్తకుండానే తమ మీద డిక్రీ పడనిచ్చిన రైతులు తక్కువేమీ కాదు.

వసూలు ఏజెంట్ల వేధింపు వేరే సంగతి. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్లు చేయరాదని రిజర్వు బ్యాంకు బ్యాంకులనూ, ఫైనాన్స్ కంపెనీలనూ ఆదేశించింది. ఫోన్ల వివరాలు దాచి, మొదట సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. బెదిరింపులకు, ఇంటి మీదకు రావడానికి పోలీసు ఫిర్యాదే మార్గం. అప్పుల ఒత్తిడిలో బతుకు మీదే విరక్తి కలిగితే మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలిమానస్ 14416కు ఆ క్షణమే ఫోన్ చేయండి. అప్పు డబ్బుకు సంబంధించిన బాధ్యత మాత్రమే, దానికి ప్రాణంతో సంబంధం లేదు.

న్యాయవాదిని ఎలా ఎంచుకోవాలి, ఖర్చు లేకుండా ఎలా పొందాలి

ఐపీ సాధారణంగా మీరు నివసించే లేదా వ్యాపారం చేసే ప్రాంతంలోని సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో, హైదరాబాద్‌లోనైతే సిటీ సివిల్ కోర్టులో దాఖలవుతుంది. కాబట్టి ఆ కోర్టులోనే ప్రాక్టీసు చేసే, ఐపీలు నడిపిన అనుభవం ఉన్న సివిల్ న్యాయవాది కావాలి. ఎన్ని ఐపీలు వేశారని అడగడం కన్నా, ఎన్నింటిలో విమోచన ఉత్తర్వు దాకా వెళ్ళారని అడగండి. దాఖలు చేసి వదిలేసే అలవాటు ఉన్నచోట ఈ ఒక్క ప్రశ్న చాలా విషయాలు బయటపెడుతుంది.

ఫీజు ఏ దశకు ఎంత అన్నది ముందే కాగితం మీద రాయించుకుని, కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. తగ్గించిన అప్పులో ఇంత శాతం ఇవ్వాలని న్యాయవాది ఒప్పందం చేసుకోవడం, అంటే ఫలితాన్ని బట్టి ఫీజు, బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఆన్‌లైన్‌లో కనబడే "అప్పు సగానికి తగ్గిస్తాం" సంస్థల్లో చాలావాటికి మీ తరఫున కోర్టులో నిలబడే అర్హతే ఉండదు. వకాల్తా మీద తప్ప ఖాళీ కాగితం దేని మీదా సంతకం చేయవద్దు. దాఖలైన తర్వాత కేసు సీఎన్ఆర్ నంబరు (కేసును గుర్తించే ప్రత్యేక సంఖ్య) తీసుకుంటే, వాయిదాలను ఈకోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు.

ఫీజు పెట్టుకోలేనివారు జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గాని, మండల న్యాయ సేవాధికార సంస్థకు గాని దరఖాస్తు చేయాలి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదికి అర్హులు. మిగిలినవారు ప్రభుత్వం నిర్ణయించిన ఆదాయ పరిమితిలో ఉంటే ఆదాయ ధ్రువపత్రంతో అడగవచ్చు. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు కూడా ఈ సహాయంలో భాగమే. 15100కు ఫోన్ చేసినా దారి చూపుతారు. ఉచిత న్యాయవాది అంటే చిన్నచూపు చూసేవారున్నారు గాని, కాగితాలన్నీ సిద్ధం చేసుకుని వెళ్ళిన కక్షిదారుకు ఆ వ్యవస్థ బాగానే పనిచేస్తుంది.

పిటిషన్ సిద్ధం చేయడం

మొదటి సమావేశానికి అప్పుల జాబితాతో పాటు ఆస్తి దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాస్ పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వ్యాపార లెక్కల పుస్తకాలు, ఆదాయపు పన్ను రిటర్నులు, వచ్చిన నోటీసులు, కోర్టు కాగితాలు తీసుకువెళ్ళండి. గత రెండేళ్ళలో అమ్మిన, రాసిచ్చిన ప్రతిదాని గురించి న్యాయవాదికి నిజం చెప్పండి. ఎదుటి పక్షం ఈసీ తీసిన రోజున అది ఎలాగూ బయటపడుతుంది.

పిటిషన్‌లో ప్రతి ఋణదాత పేరు, చిరునామా, బాకీ మొత్తం ఒక షెడ్యూలులో, మీ ఆస్తులు, వాటి విలువ మరో షెడ్యూలులో ఉండాలి. ఆస్తినంతా కోర్టు అధీనంలో పెట్టడానికి సిద్ధమన్న ప్రకటన, గతంలో ఐపీ వేశారో లేదో కూడా రాయాలి. ఋణదాతలలో ఒకరిని మరిచినా, ఒక ప్లాటు దాచినా, చివరి మెట్టు మీద అదే మీ కాలికి అడ్డం పడుతుంది. ఒకసారి వేసిన పిటిషన్‌ను కోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించుకోలేరు కనుక, సంతకం పెట్టే ముందు రెండు షెడ్యూళ్ళనూ ఇంటికి తెచ్చుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని చదవడం మంచిది.

ఆస్తిలో ఏది పోదో తెలుసుకోవడం కూడా ఇక్కడే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి మినహాయించినవి దివాలాలోనూ మీవే: కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తివారి పనిముట్లు, రైతు నాగలి, పశువులు, విత్తనాలు, వ్యవసాయదారుడు స్వయంగా నివసించే ఇల్లు, భవిష్యనిధి, ప్రభుత్వ పింఛను. వ్యాపారి ఇంటికి ఈ మినహాయింపు లేదు. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు మినహాయింపు. అంటే మినహాయింపు భత్యాలు పోగా 31,000 జీతం ఉంటే, మామూలు డిక్రీకి నెలకు 10,000 వరకే జప్తు చేయగలరు. ఒకే డిక్రీ కోసం ఎడతెగక గాని, విడతలుగా గాని మొత్తం 24 నెలలు జప్తు జరిగితే, ఆ డిక్రీ కోసం ఆ జీతాన్ని ఇక జప్తు చేయరాదు.

దాఖలు నుంచి ప్రకటన దాకా

పిటిషన్ అడ్మిట్ అయ్యాక ఋణదాతలందరికీ నోటీసులు వెళతాయి. వారు వచ్చి, మీరు ఆస్తి దాచారని వాదిస్తారు. అప్పు తీర్చలేని స్థితికి ఈ దశలో ప్రాథమిక ఆధారం చూపితే చాలు గాని, మిమ్మల్ని సాక్షిగా విచారిస్తారు. ఈ కాలమంతా పాత దావాలు, డిక్రీల అమలు పిటిషన్లు (ఈపీలు) నడుస్తూనే ఉంటాయి కాబట్టి ప్రతి వాయిదాకూ ఎవరో ఒకరు హాజరు కావాలి. ఈపీలో ఆస్తి వేలానికి వచ్చి ఉంటే, ఐపీ అడ్మిట్ అయిన సంగతిని వేలానికి ముందే ఆ కోర్టుకు తెలియజేసి, కోర్టు స్వాధీనంలో ఉన్న ఆస్తిని రిసీవరుకు, అంటే దివాలా ఆస్తిని చూసే కోర్టు అధికారికి, అప్పగించమని దరఖాస్తు వేయాలి. వేలం ముగిశాక ఆ వాదనకు బలం ఉండదు.

ఈపీలో అరెస్టు వారంటు అడిగారని భయపడేవారు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. డబ్బు డిక్రీకి స్త్రీని అరెస్టు చేయరాదు. పురుషుడినైనా, తీర్చగలిగి కూడా దురుద్దేశంతో ఎగవేస్తున్నాడని తేలితే తప్ప జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. అరెస్టు చేసి తెచ్చిన వ్యక్తికి, దివాలా పిటిషన్ వేసుకోవచ్చునని కోర్టే తెలియజేయాలని కూడా చట్టం చెబుతోంది.

దివాలాదారుగా ప్రకటన వచ్చిన తర్వాత, షెడ్యూలులోని ఋణదాతలు కోర్టు అనుమతి లేకుండా మీ మీద కొత్త దావా వేయలేరు. అరెస్టు నుంచి రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. మీ ఆస్తి కోర్టుకు గాని, అఫిషియల్ రిసీవరుకు గాని దఖలు పడుతుంది. రిసీవరు అడిగిన లెక్కలన్నీ ఇవ్వాలి. పుస్తకాలు దాచినా, ఆస్తి మాయం చేసినా ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఈ దశలో కూడా ఋణదాతలతో రాజీ ప్రతిపాదన పెట్టవచ్చు. సంఖ్యలో మెజారిటీ, బాకీ విలువలో నాలుగింట మూడు వంతుల ఋణదాతలు అంగీకరించి, కోర్టు ఆమోదిస్తే ప్రకటన రద్దవుతుంది. విమోచన రాకముందు దివాలాదారు సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు గాని, అంతకు మించి గాని అప్పు తీసుకోవడం కూడా నేరమే.

విమోచన పిటిషన్

ప్రకటన ఉత్తర్వులోనే విమోచన కోసం దరఖాస్తు వేయవలసిన గడువు రాసి ఉంటుంది. ఆ తేదీని ఉత్తర్వు ప్రతి అందిన రోజే రాసి పెట్టుకోండి. గడువులో దరఖాస్తు వేయకపోతే ప్రకటనే రద్దు కావచ్చు, అప్పుడు అప్పులన్నీ తిరిగి ప్రాణం పోసుకుంటాయి. ఇన్నాళ్ళ ఖర్చు, శ్రమ వృథా కావడానికి కారణం ఎక్కువగా ఈ మరుపే.

ఆస్తుల విలువ తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి ఎనిమిదణాలకు, అంటే సగానికి, తక్కువై, అందుకు మీ తప్పు లేదని చూపలేకపోతే సంపూర్ణ విమోచన రాదు. లెక్కల పుస్తకాలు పెట్టకపోయినా, తీర్చలేనని తెలిసీ అప్పు చేసినా, జూదం, దుబారా, విచ్చలవిడి స్పెక్యులేషన్ రుజువైనా అంతే. అప్పుడు కోర్టు విమోచనను నిరాకరించవచ్చు, వాయిదా వేయవచ్చు, రాబోయే ఆదాయం మీద షరతులు పెట్టవచ్చు. పంట నష్టం, అగ్నిప్రమాదం, వ్యాధి ఖర్చు, కరోనా కాలంలో మూతపడిన దుకాణం వంటి కారణాలకు ఉన్న కాగితాలన్నీ మొదటి రోజు నుంచీ దాచమనేది ఇందుకోసమే.

విమోచన వచ్చినా ప్రభుత్వానికి బాకీపడినవి, మోసంతో చేసిన అప్పులు, భార్యాపిల్లల మనోవర్తి మీద ఉత్తర్వులు మిగిలే ఉంటాయి. మీకు జామీను ఉన్న వ్యక్తి బాధ్యత కూడా పోదు. ఋణదాత నేరుగా అతని మీదకు వెళ్ళవచ్చు. కాబట్టి మీ నోటు మీద సంతకం చేసిన బావగారికో, స్నేహితునికో పిటిషన్ వేయకముందే విషయం చెప్పి, వారిని కూడా వేరే న్యాయవాదిని కలవమనండి. మీ న్యాయవాది వారి తరఫున కూడా మాట్లాడలేడు, ఎందుకంటే ఆ సమయానికి మీ ప్రయోజనం, వారి ప్రయోజనం ఒకటి కావు.